ప్రశ్న తయారయ్యే చోట మీరు ఉండాలి

ప్రశ్న: నమస్కారమండీ. ములుగు జిల్లాలో ఒక గురుకుల బాలికల పాఠశాలలో రెండేళ్లుగా లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర సుమారు మూడు వేల పుస్తకాలున్నాయి. చాలా భాగం బీరువాల్లోనే ఉంటాయి. ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఆ తరగతిని నా దగ్గరికి పంపుతారు. పరీక్షలు దగ్గరపడితే నా లైబ్రరీ పీరియడ్‌ను లెక్కల సారు తీసుకుంటారు. ఏ పాఠానికి ఏ పుస్తకం పనికొస్తుందో పట్టిక రాసి స్టాఫ్ రూములో అంటించాను. నెల గడిచినా ఒక్కరూ అడగలేదు. ‘మీకేమండీ, హాయిగా కూర్చునే ఉద్యోగం’ అని ఒక టీచర్ అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. టీచర్లతో కలిసి పనిచేసి పిల్లల చదువుకు ఉపయోగపడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పుస్తకాలు పోతే నా జీతంలో కోస్తారన్న భయం కూడా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పట్టిక రాయడానికి మీరు ఎన్ని సాయంత్రాలు కూర్చుని ఉంటారో నాకు తెలుసు. హనుమకొండలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాంటిదే రాశాను, నీలం సిరాతో, తరగతుల వారీగా. దాన్నీ ఎవరూ చూడలేదు. చాలా రోజులు టీచర్ల మీద కోపం పెట్టుకున్నాను. తర్వాత ఒక సైన్స్ టీచర్ పక్కన కూర్చుని ఆమె రోజు ఎలా గడుస్తుందో చూశాను. ఆరు పీరియడ్లు, మధ్యలో నోటు పుస్తకాలు దిద్దడం, సాయంత్రం స్టడీ అవర్, ఆ పైన ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన వివరాలు. నా పట్టిక ఆమెకు ఇంకొక పని. పట్టిక చదవాలి, లైబ్రరీకి రావాలి, పుస్తకం వెతకాలి, అందులో తన పాఠానికి పనికొచ్చే పేజీ ఏదో తేల్చుకోవాలి. అంత తీరిక ఆమెకు లేదు. మీ టీచర్లకూ ఉండకపోవచ్చు.

గ్రంథాలయ శాస్త్రంలో మీరు చదువుకున్న రంగనాథన్ గారి ఐదు సూత్రాలు గుర్తు చేసుకోండి. ఆయన గణితం చెప్పిన అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో ప్రకటించిన సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. పాఠకుడు అనగానే మనం పిల్లలనే అనుకుంటాం. మీ పాఠశాలలో అన్నిటికంటే సమయం కరువైన పాఠకులు టీచర్లు.

అందుకని పట్టికలు పక్కన పెట్టండి. టీచర్ పిల్లలకు ప్రశ్న ఇచ్చే సమయం ఒకటుంటుంది. ఆ ప్రశ్న తయారవుతున్నప్పుడే మీరు పక్కన ఉండాలి. పిల్లలు ప్రశ్న పట్టుకుని మీ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది. ఎందుకు అంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ జిల్లాలోనిదే.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఏటా తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రంలో ‘రామప్ప దేవాలయం గురించి నాలుగు పేజీలు రాయండి’ అని ప్రాజెక్టు ఇచ్చేవారు. ఏటా వచ్చేవి ఒకే నాలుగు పేజీలు. స్టేషనరీ దుకాణంలో కొన్న అదే బొమ్మ, పై తరగతి అక్క నోటు పుస్తకం నుంచి ఎక్కించిన అవే వాక్యాలు. ఒక ఏడాది ‘ఘణపతిదేవుడు’ అన్న తప్పు పదహారు ప్రాజెక్టుల్లో ఒకేలా కనిపించింది. పిల్లలను తప్పుపట్టలేం. ‘గురించి రాయండి’ అంటే చూసి రాయడం తప్ప వేరే దారి లేదు. అలాంటి ప్రశ్నకు లైబ్రరీలో ఎన్ని పుస్తకాలుంటే మాత్రం ఏం లాభం? చూసి రాయడానికి ఇంకొక పుస్తకం దొరుకుతుంది, అంతే.

మరుసటి ఏడాది ప్రాజెక్టు ప్రకటించకముందే ఆ టీచర్‌ను అడిగాను, ప్రశ్నను కొంచెం మార్చి చూద్దామా అని. తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రంలో తేలియాడే వస్తువుల పాఠం ఉంది. సైన్స్ టీచర్‌ను కూడా కూర్చోబెట్టాం. ముగ్గురం టీ తాగుతూ పావుగంటలో తయారుచేసిన ప్రశ్న ఇది: ‘రామప్ప గుడి గోడలు, స్తంభాలు రాతివి. పైనున్న శిఖరాన్ని మాత్రం తేలికైన ఇటుకలతో కట్టారు. ఎందుకై ఉంటుంది? ఆ ఇటుక నీటిలో తేలుతుందంటే దాని గురించి మీరు ఏం చెప్పగలరు?’

పిల్లలు మెస్ వెనక మిగిలిపోయిన మామూలు ఇటుకను తెచ్చారు. స్కేలుతో కొలిస్తే పొడవు 23 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 7.5. గుణిస్తే 1725 ఘన సెంటీమీటర్లు. బియ్యం తూచే కాటా మీద పెడితే 3 కిలోలు. మూడు వేల గ్రాములను 1725తో భాగిస్తే సాంద్రత, అంటే ఒక్కో ఘన సెంటీమీటరు బరువు, దాదాపు 1.74 గ్రాములు. నీటిది 1. బకెట్‌లో వేస్తే ఇటుక బుడుంగున మునిగింది. అందరూ నవ్వారు. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి నవ్వలేదు. నోటు పుస్తకంలో ఏదో కొట్టేసి, మళ్లీ రాసి, లేచి నిలబడి అడిగింది: ‘అయితే టీచర్, ఇంతే సైజు రామప్ప ఇటుక 1725 గ్రాముల లోపే ఉండాలి కదా?’ ఆ మాట మాలో ఎవరమూ చెప్పలేదు. పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఇందులో లైబ్రేరియన్ చేసిందేమిటో చూడండి. ఆరు బృందాలకు ఆరు అట్ట ఫైళ్లు తయారుచేశాను. ఒక అట్టలో గుడి ఆవరణలోని శాసనం గురించిన వివరం: కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించిన సంగతి. ఇంకొక దానిలో యునెస్కో 2021లో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పటి వార్తాపత్రిక కత్తిరింపులు. మరొక దానిలో పునాదిలో ఇసుక నింపే పద్ధతి. ఒక అట్టలో మాత్రం కావాలనే, ఇటుకలు దేనితో చేశారన్న విషయంలో ఒకదానితో ఒకటి పొసగని రెండు కథనాలు పెట్టాను. పిల్లలు రెండూ పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ‘ఏది కరెక్టు టీచర్?’ నేను చెప్పలేదు. ‘రాసినవారికి ఆ సంగతి ఎలా తెలిసి ఉంటుంది? పరీక్షించి చూశారా, ఎవరో చెప్పగా విన్నారా?’ అని తిరిగి అడిగాను. ఆ అరగంటలో నేర్పింది సైన్సా, సాంఘిక శాస్త్రమా, గ్రంథాలయ పాఠమా అంటే విడదీసి చెప్పలేను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనికి వస్తాను. ముందుగా ఆరు నుంచి తొమ్మిది వరకు మీ పాఠశాల పాఠ్యపుస్తకాలన్నీ తెచ్చుకుని చదవండి. రోజుకొకటి చొప్పున మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఏ పాఠం ఏ నెలలో వస్తుందో వార్షిక ప్రణాళికలో చూసి పెన్సిలుతో రాసుకోండి. చాలామంది లైబ్రేరియన్లు ఈ పని చేయరు. పాఠ్యపుస్తకం తెలియని లైబ్రేరియన్‌తో టీచర్ మాట్లాడగలిగేది సెలవుల గురించి, ఎండల గురించి మాత్రమే.

తర్వాత ఒకే ఒక్క టీచర్‌ను ఎంచుకోండి. అందరినీ ఒకేసారి కదిలించాలని చూడకండి. పెద్ద హోదా ఉన్నవారిని ఎంచుకోవాల్సిన పని లేదు. పిల్లలు తప్పు చెప్పినా కోప్పడకుండా వినే టీచర్ ప్రతి పాఠశాలలో ఒకరుంటారు. వారి దగ్గరికి వెళ్లండి. ‘మీకు ఏమైనా సహాయం కావాలా’ అని అడగకండి. మర్యాదకు ‘అవసరమైతే చెబుతానండీ’ అంటారు, అక్కడితో ముగిసిపోతుంది. ‘వచ్చే నెల మీరు ఫలానా పాఠం మొదలుపెడతారు కదా, ఆ ప్రాజెక్టుకు అవసరమైనవన్నీ నేను సిద్ధం చేస్తాను, ప్రశ్న మాత్రం ఇద్దరం కలిసి అనుకుందామా’ అని అడగండి. పని మీ మీద వేసుకుంటున్నారని, పాఠం మీద అధికారం వారిదేనని ఆ మాటలోనే తెలిసిపోవాలి.

మన మూల్యాంకన పద్ధతిలోనే మీకు చోటు ఉంది. ఎఫ్.ఎ.లలో, అంటే ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో, ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, భాషల్లో పుస్తక సమీక్ష ఉంది. నిజం చెప్పాలంటే చాలా చోట్ల ఇవి రిజిస్టరు నింపడానికి జరుగుతున్నాయి. టీచర్లకు ఇది తెలుసు, మనసులో బాధ కూడా ఉంటుంది. ప్రాజెక్టుకున్న ఐదు మార్కుల్లో ఒక్క మార్కు, ‘ఈ సంగతి ఏ పుస్తకంలో, ఏ పేజీలో చూశాను’ అని రాసినందుకు కేటాయించమని అడగండి. ఆ ఒక్క మార్కు మీరు దిద్దిపెడతానని చెప్పండి. వారికి దిద్దే భారం తగ్గుతుంది. పిల్లలు ఆ ఒక్క మార్కు కోసం మీ బీరువాలు తెరిపిస్తారు.

పుస్తక సమీక్ష విషయంలో తెలుగు టీచర్‌తో తప్పకుండా మాట్లాడండి. పుస్తకం పేరు, రచయిత, ధర, అట్ట రంగు, ‘ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది’ అనే ఐదు వాక్యాల సమీక్ష ఎవరికీ పనికిరాదు. ‘ఈ కథలో నువ్వు ఏ పాత్ర దగ్గర ఆగిపోయావు? అక్కడ నువ్వుంటే ఏం చేసేదానివి?’ అని అడగమనండి. ఆ సమాధానాలను పోస్టుకార్డు సైజు అట్టల మీద రాయించి ఆయా పుస్తకాల్లోనే పెట్టండి. తర్వాత ఆ పుస్తకం తీసుకునే పిల్ల మొదట చదివేది ఆ అట్టనే. కథల పుస్తకాలు తక్కువగా ఉంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ముద్రించి కుట్టుకోవచ్చు.

లెక్కల సారు సంగతి. ఆయనతో పీరియడ్ కోసం గొడవకు దిగకండి. పదో తరగతి పిల్లల పీరియడ్‌ను సంక్రాంతి తర్వాత నేనైతే నోరు మెదపకుండా వదిలేస్తాను. ఆ పిల్లల ఆందోళన, ఆ సారు మీద ఉన్న ఒత్తిడి నిజమైనవి. ఆరు, ఏడు తరగతుల పీరియడ్లను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చదివే అలవాటు పడేదీ, తప్పిపోయేదీ ఆ వయసులోనే. అయినా ఆయనకు మీరు ఇవ్వగలిగింది ఒకటుంది. సగటు, మధ్యగతం (వరుసలో మధ్యన వచ్చే అంకె), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే అంకె) చెప్పేటప్పుడు పుస్తకంలో ఎవరివో ఊరూపేరూ లేని మార్కులు ఉంటాయి. మీ జారీ రిజిస్టరులో పిల్లల సొంత లెక్కలున్నాయి. పేర్లు తీసేసి, ఈ నెలలో ఒక్కొక్కరు ఎన్ని పుస్తకాలు తీసుకున్నారో అంకెలు మాత్రం రాసి ఇవ్వండి. నలభై మందిలో ఇద్దరు పదిహేనేసి పుస్తకాలు చదివితే సగటు ఎలా పైకి లేస్తుందో, బాహుళకం మాత్రం ఒకటి దగ్గరే ఎందుకు ఉండిపోతుందో పిల్లలకు చప్పున అర్థమవుతుంది. ‘మరి మన తరగతి ఎంత చదువుతోందని చెప్పాలంటే ఏ అంకె చెప్పాలి సార్?’ అని ఒకరైనా అడుగుతారు. లెక్కల టీచర్‌కు అంతకంటే సంతోషం ఉండదు.

ఇంకొక విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ పిల్లల్లో ఇంట్లో కోయ, లంబాడీ భాషలు మాట్లాడేవారు చాలామందే ఉంటారు. తెలుగు చదవడం వారికి బడిలోనే మొదలవుతుంది. ఏడో తరగతికి వచ్చినా ఒత్తులు వచ్చిన చోట తడబడే పిల్ల, తరగతిలో తల వంచుకుని నెట్టుకొస్తుంది. యాభై మందిలో టీచర్‌కు దొరకదు. మీ దగ్గర దొరుకుతుంది. ప్రతి వారం బొమ్మల పుస్తకమే తీసుకుంటుంది. లావు పుస్తకం తీసుకుని మరునాడే తిరిగి ఇచ్చేస్తుంది. స్నేహితురాలు పెదవి కదుపుతుంటే వెంట వెంట కదుపుతుంది. ఇది గమనించినప్పుడు నలుగురిలో ఏమీ అనకండి. తెలుగు టీచర్‌కు విడిగా చెప్పండి, ఏ అక్షరాల దగ్గర ఆగుతోందో కూడా చెప్పండి. ఇద్దరూ కలిసి ఆమెకు సరిపోయే పుస్తకం వెతకండి. ఆమె వయసుకు చిన్నతనంగా అనిపించకూడదు, వాక్యాలు మాత్రం పొట్టిగా ఉండాలి. అలాంటి పుస్తకాలు ఒక ఇరవై విడిగా గుర్తుపెట్టుకోండి. అరమీద ‘వెనుకబడినవారికి’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. కోయ పిల్లలతో వాళ్ల అమ్మమ్మ చెప్పే కథను తెలుగులో రాయించి, బొమ్మలు వేయించి, కుట్టించి మీ లైబ్రరీలో నంబరు వేసి పెట్టండి. మేడారం జాతర కథను ఒక్కో ఊరి పిల్ల ఒక్కోలా చెబుతుంది. అవన్నీ పక్కపక్కన పెడితే తెలుగు, సాంఘిక శాస్త్ర టీచర్లు ఇద్దరికీ పాఠం సిద్ధమవుతుంది.

చిన్న పనులనూ తక్కువగా చూడకండి. పిల్లలకు నిఘంటువు ఇచ్చి ‘క్షేమం’ అనే మాట వెతకమనండి. చాలామంది చివరికి వెళతారు, ఎందుకంటే వర్ణమాల చార్టులో ‘క్ష’ చివరన ఉంటుంది. నిఘంటువులో అది ‘క’ కింద ఉంటుంది, క్ష అంటే క, ష కలిసిన అక్షరం కాబట్టి. ఈ పది నిమిషాల ఆటను తెలుగు టీచర్ సంయుక్తాక్షరాలు చెప్పే వారంలోనే పెట్టించండి. విడిగా లైబ్రరీ పీరియడ్‌లో చెబితే మరిచిపోతారు, పాఠంతో పాటు చెబితే నిలుస్తుంది.

టీచర్ సెలవు పెట్టినప్పుడు వచ్చే తరగతిని భారంగా చూడకండి. గుమ్మంలోనే ఒక్క మాట అడగండి, ‘ఏ పాఠం నడుస్తోంది?’ అని. పాఠ్యపుస్తకాలు చదివి ఉంటారు కాబట్టి ఏం తీసి ఇవ్వాలో మీకు తెలుస్తుంది. మరునాడు ఆ టీచర్ రాగానే, పిల్లలు ఆ పాఠం మీద అడిగిన రెండు ప్రశ్నలు చీటీ మీద రాసి చేతికి ఇవ్వండి. ‘మీకేమండీ’ అన్న ఆవిడ క్లాసు వచ్చినా ఇదే చేయండి, ఆవిడ క్లాసైతే మరీ శ్రద్ధగా.

పుస్తకాలు పోతాయన్న భయాన్ని నేను తీసిపారేయను. చిన్న జీతంలో కోత పెద్ద దెబ్బే. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం, ఏడాదిలో జారీ అయిన, అక్కడే చదివిన పుస్తకాల్లో ప్రతి వెయ్యికి ఐదు పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటుంది. నిర్లక్ష్యమో, అక్రమమో ఉండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాల నియమం. మీ సంస్థకు సొంత నిబంధన ఏదుందో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, నోటి మాటతో ఊరుకోకండి. అది చేతికి వచ్చేవరకు ఖరీదైన పుస్తకాలు బీరువాలో ఉంచి, కథల పుస్తకాలు, పలుచని పుస్తకాలు బయట పెట్టండి. అరలు సర్దడానికి, జారీ రాయడానికి ప్రతి తరగతి నుంచి ఇద్దరు పిల్లలను పెట్టుకోండి. తమ చేతులతో సర్దిన పుస్తకాన్ని పిల్లలు పోనివ్వరు, ఇది నేను చూసి చెబుతున్న మాట.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ఒక టీచర్‌తో ఒక ప్రాజెక్టు పూర్తి చేసి, పిల్లలు రాసిన కాగితాలు చేతపట్టుకుని వెళ్లండి, ఆ టీచర్‌ను వెంటబెట్టుకుని. ‘సహకారం కావాలి’ అనకండి. రెండే అడగండి: ఆరు, ఏడు తరగతుల లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్‌లో కదలకుండా ఉండాలి, ప్రతి ఎఫ్.ఎ.కు ముందు జరిగే సమావేశంలో మీకూ కుర్చీ ఉండాలి. పైవారి మాట కావాలంటే, లైబ్రేరియన్లు, ఉపాధ్యాయులు కలిసి పనిచేసిన చోట పిల్లల చదువు, సమస్యలు పరిష్కరించే నేర్పు మెరుగుపడతాయని పాఠశాల గ్రంథాలయాలపై యునెస్కో, ఇఫ్లా (అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య) 1999 నాటి ప్రకటనలోనే ఉంది. కానీ ఆ పిల్ల రాసిన 1725 గ్రాముల లాంటి కాగితం ఒక్కటి చూపిస్తే ఆ ప్రకటన అవసరం రాదు.

మన హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. తెలుగు చదువుకు బడుల్లో సరైన చోటు లేని నిజాం రోజుల్లో, తెలుగు చదవాలనుకున్నవారికి అలాంటి చోట్లే ఆసరా. మీకిప్పుడు బడి కూడా ఉంది, గోడకు ఆనుకునే. నడవాల్సింది స్టాఫ్ రూము దాకానే.

తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రం పుస్తకం తీసి, మీ సైన్స్ టీచర్ తర్వాత చెప్పబోయే పాఠం దగ్గర ఒక కాగితం పెట్టండి. ఆ కాగితం మీద మీకు తోచిన ప్రశ్న ఒకటి రాసుకోండి, తప్పైనా పరవాలేదు, ఆమె దిద్దుతారు. సోమవారం టీ సమయంలో వెళ్లండి. ఆమె ఏమన్నారో, ప్రశ్న చివరికి ఎలా మారిందో నాకు రాయండి.